చూచుట కాయకమగునా?

సూళ్ళూరుపేట నుండి పులికాటు సరస్సు మీదుగా వేసిన బాటను పట్టి తూర్పుగా పోయినచో శ్రీహరికోట ద్వీపము చేరవచ్చును. ఒక ప్రక్క సరస్సు, మరియొక ప్రక్క బంగాళాఖాతము. 1971 నుండి అచ్చట రాకెట్లు నింగి కెగయుచున్నవి. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరిన ఈ తీరమునకు శ్రీకాళహస్తీశ్వరుని సన్నిధి దూరము కాదు. ఐనను ఇచ్చటి పిల్లల చూపు ఆకాశము మీద కన్న, కాళహస్తి శిఖరము మీద కన్న, అరచేతిలోని ఫోను మీదనే ఎక్కువగా నిలుచుచున్నది. ఈ మాట ఒక్క శ్రీహరికోటకే కాదు, ఏ ఊరికైనను చెల్లును.

ఆ ఫోనులో పిల్లలు చూచునవి యన్నియు ఒక తరగతివి కావు. జపాను దేశమున తయారగు బొమ్మల చలనచిత్రములు వానిలో కొన్ని. వీనిని 'అనిమే' అందురు. మాయలు, రాక్షసులు, కత్తియుద్ధములు గల కథలు అందు అనేకము. వానితో ఇచ్చట పనిలేదు. వాలీబాలు, బాస్కెట్‌బాలు, ఫుట్‌బాలు, బేస్‌బాలు మున్నగు ఆటలనే ఇతివృత్తముగా గొని, ఒక పొట్టి బాలుడో, ఒక దుడుకు బాలుడో దినదినము సాధనచేసి, ఓడి, మరల లేచి నిలుచు కథలు వేరుగా నున్నవి. ఇటీవల అనిమేలు కొన్ని తెలుగు మాటలతోను వచ్చుచుండుటచే పల్లెటూరి పిల్లలకును ఇవి పరిచితములైనవి.

ఇట్టి కథను చూచి తెల్లవారుజామున లేచి పరుగెత్త నారంభించిన బాలుడు ఒక ఇంట కనబడును. అదే కథను అర్ధరాత్రి దాటువరకు చూచి, మరునాడు బడిలో కునుకుపాట్లు పడు బాలుడు ప్రక్క ఇంట కనబడును. కథ ఒక్కటే, ఫలము మాత్రము వేరు. లింగధారుల ఇండ్లలో ఈ భేదము మరింత ఆలోచింపదగినది. ఏలయన దేహమును గూర్చి వీరశైవము నిలిపిన సిద్ధాంతము సామాన్యమైనది కాదు.

దేహము తుచ్ఛమనియు, ఆత్మకు చెరసాల యనియు నిందించిన మార్గములు లోకమున పెక్కు కలవు. బసవాది శరణులు ఆ త్రోవ త్రొక్కలేదు. గురువు ఇష్టలింగమును శిష్యుని అరచేత నుంచి, అది మొదలు ప్రాణము పోవువరకు ఈ అంగము లింగమును వీడరాదని శాసించెను. కదలని రాతిగుడి కన్న కదలెడు దేహమే శివునకు నెలవని బసవేశ్వరుడు బోధించెను. అట్టిచో దేహమును దృఢముగ నుంచుకొనుట లింగాయతునకు సోకు కానేరదు. గుడిగోడ బీటలు వారినచో ధర్మకర్త చూచి ఊరకుండునా? దినమంతయు కుర్చీకి అంటుకొనిపోయి, నలుబదియేండ్లకే చక్కెరవ్యాధి తెచ్చుకొని, పూజకు పద్మాసనము వేయలేక బల్లపై కూర్చుండు భక్తులను మఠములలో చూచుచునే యున్నాము. వారి నెవరు నిందింపరు. కాని వారి మనుమలు కూడ అదే త్రోవను పోవుచుండిరన్నది పెద్దలు పట్టించుకొనవలసిన సంగతి.

ఇక కాయకము. ఆ మాటలోనే కాయము కలదు. కంటితో చూచుట కాయపు శ్రమ కాదు. ఆటను చూచు బాలుని గుండె ఉత్సాహముతో కొట్టుకొనవచ్చును గాని, వాని కాలు కదలలేదు, వాని చెమట జారలేదు. కావున చూచుట కాయకమగునా యను ప్రశ్నకు కాదని ఒక్కమాటలో బదులు చెప్పి తప్పించుకొనుట సులభము. ఐనను, కథ వినుటచే మనుష్యుడు మారునను సత్యమును వీరశైవులు త్రోసివేయజాలరు. పాల్కురికి సోమనాథుడు సంస్కృత భూయిష్ఠమైన చంపువును విడిచి, జానుతెనుగున, ద్విపదలో బసవపురాణమును రచించుట ఎందులకు? పామరులు పాడుకొనుటకును, పాడుకొని మారుటకును గదా! ఈ కాళహస్తి అడవులలో విల్లు చేతబట్టిన బోయ యువకుడు తన కన్నునే పెకలించి శివున కర్పించిన కథను విని, ఎన్ని తరములవారు తమ చేతనైన దానిని జంగమమునకు సమర్పించిరో లెక్కపెట్టగలవారు లేరు. విన్నవారు విని ఊరకుండలేదు. విన్నదాని ఋణమును చేతులతో తీర్చుకొనిరి.

కల్పిత క్రీడాకథకు అట్టి బలము కలదా యనగా, కలదని జపాను చరిత్రయే చెప్పుచున్నది. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలలో స్త్రీల వాలీబాలు తొలిసారిగా ప్రవేశపెట్టబడినది. ఆ పోటీలో జపాను యువతులు స్వర్ణపతకము గెలిచిరి. వారిలో అధికులు ఒక నూలుమిల్లు జట్టునుండి వచ్చినవారు. నాలుగేండ్ల తరువాత, 1968లో, 'అటాక్ నంబర్ వన్' అను వాలీబాలు చిత్రకథను చికాకో ఉరానో అను రచయిత్రి ప్రారంభించెను. మరుసటి యేట అది టెలివిజనుకెక్కెను. నిజమైన ఆట కథకు ప్రాణము పోసెను, కథ మరల బాలికలను ఆటస్థలమునకు పిలిచెను. 1981లో యోయిచి తకహాషి 'కెప్టెన్ త్సుబాసా' అను ఫుట్‌బాలు కథను మొదలిడునాటికి జపానులో వృత్తి ఫుట్‌బాలు సంఘమే లేదు. 1993లో దాని లీగు పోటీలు ఆరంభమయ్యెను. 1998లో ఆ దేశపు జట్టు తొలిసారిగా ప్రపంచకప్పు పోటీలలో ఆడెను. ఇదంతయు ఒక్క కథ చలవయే యనుట అతిశయోక్తి. కాని ఆ కథ వలననే ఆట మీద మక్కువ గలిగినదని చెప్పిన క్రీడాకారులు జపానులోనే కాదు, స్పెయిను దేశమునను ఉన్నారు. 2010లో ప్రపంచకప్పు గెలిచిన స్పెయిను జట్టువాడగు ఫెర్నాండో టోరెస్ అట్టివాడు. బాస్కెట్‌బాలును గూర్చిన 'స్లామ్ డంక్' 1990 నుండి 1996 వరకు వెలువడెను. దాని కర్త తకెహికో ఇనొవె. 2006లో ఆ కథ పేరనే ఒక విద్యార్థివేతనము నెలకొల్పబడి, జపాను యువకులు అమెరికాలో చదువుచు ఆడుటకు తోడ్పడుచున్నది. కల్పనవలన వచ్చిన కీర్తి నిజమైన పిల్లలకు కూడు, చదువు అయినది. దాసోహమనగా ఏమో ఎరిగినవారికి ఇందలి ఒప్పిదము వేరుగా చెప్పనక్కరలేదు.

ఐతే ఇట్టి కథలన్నియు పిల్లల చేతికి నిర్విచారముగా ఇయ్యదగినవే యనుట పొరపాటు. వీనిలో విషము గలవియు నున్నవి.

1966లో 'క్యోజిన్ నో హోషి' అను బేస్‌బాలు చిత్రకథ ఆరంభమై, 1968లో టెలివిజనుకు వచ్చెను. ఆటలో తన కోర్కె తీరని తండ్రి తన కుమారుని గొప్ప ఆటగానిగ చేయ సంకల్పించి, పసివాని మేనికి ఇనుప స్ప్రింగుల కవచము తొడిగి, అది తొడిగియుండగనే దినచర్య యంతయు నడపించును. జపానులో ఒక తరమువారు ఈ తండ్రిని మెచ్చిరి. 2012లో ఈ కథయే 'సూరజ్' అను పేర, బేస్‌బాలుకు మారుగా క్రికెట్టుతో, ముంబయి వాతావరణమున పెరిగిన బాలుని కథగా మార్చబడి, మన దేశపు హిందీ టెలివిజనులో ప్రసారమయ్యెను. ఇనుప స్ప్రింగులు పిల్లవానిని హింసించినట్లుండునని వానిని తీసి, సైకిలు ట్యూబుల రబ్బరును పెట్టిరి. మంచిదే. కాని రబ్బరైన నేమి, ఇనుమైన నేమి, తండ్రి తీరని కోర్కెను కుమారుని ఒంటికి బిగించుట మారలేదు గదా! మన ఇండ్లలో స్ప్రింగులు లేవు. ఉదయము నాలుగింటికి లేపి అర్ధరాత్రి వరకు కూర్చుండబెట్టు కోచింగు కళాశాలలు మాత్రము కలవు. ఆ తండ్రిని చూచి అసహ్యించుకొను మనము ఇంకొక దర్పణము ముందును నిలువవలసియున్నది.

మరియొక కథ మరింత ఘోరమైనది. 'అషితా నో జో' అను ముష్టియుద్ధ కథలో రికీషి యను వీరుడు తన ప్రత్యర్థితో సమాన తూకమునకు దిగుటకై అన్నము మాని, నీరు మాని, దేహమును పీల్చుకొని, పోటీలో గెలిచి, వెంటనే మరణించును. 1970 మార్చిలో టోక్యోలో ఆ కల్పిత పాత్రకు నిజముగనే అంత్యక్రియల సభ జరిపిరి. సుమారు 700 మంది హాజరైరి. ఎన్నడును పుట్టని మనుష్యునికై నిజమైన మనుష్యులు కన్నీరు కార్చిరి. కథకు గల శక్తి యెంతటిదో, ఆ శక్తి ఏ వైపునకైనను లాగగలదో తెలిసికొనుటకు ఇంతకన్న నిదర్శనమేల? నేడు మన యువకులు కొందరు కండలు కనబడవలెనని నీరు మానుచున్నారు, ఊరు పేరు తెలియని పొడులు మ్రింగుచున్నారు. వారి కంటి ముందు నిలిచినది రికీషియో, మరియొక సినిమా కథానాయకుడో, వారికే తెలియవలెను.

అల్లమప్రభువునకును గోరక్షునకును జరిగిన సంవాదము ఇచ్చట స్మరింపదగినది. చామరసుడు కన్నడమున రచించిన ప్రభులింగలీలను పిడుపర్తి కవులు తెలుగువారికి అందించియున్నారు. గోరక్షుడు యోగసాధనచే తన దేహమును వజ్రముగ చేసికొనెను. కత్తితో నరుకుమని ప్రభువునకు సవాలు విసరెను. ప్రభువు నరుకగా ఖణిల్లున ధ్వని వెడలెను గాని రోమమైనను తెగలేదు. పిమ్మట ప్రభువు తన్ను నరుకుమనెను. గోరక్షుడు త్రిప్పిన కత్తి బయలులో త్రిప్పినట్లు ఆ మేనిలోనుండి ఇటునుండి అటు పోయెను, చప్పుడైనను లేదు. గోరక్షుని గర్వము అచ్చట అణగెను. ఈ కథను విని, దేహసాధనయే తగదని తాత్పర్యము తీయువారు కలరు. అది సరికాదు. ప్రభువు గోరక్షుని బలమును తప్పుపట్టలేదు. ఆ బలము 'నేను' అను ధ్వని చేయుచుండుటను ఎత్తిచూపెను. వ్యాయామశాలలో అద్దము ముందు నిలిచి, ఫోనుతో తన కండలను తానే చిత్రము తీసికొను యువకుని దేహము బాగుగ మ్రోగుచున్నది. అందు లింగమునకు చోటు ఎంత మిగిలినదో విచారింపవలెను.

అదృష్టవశమున, అనిమేల లోకములోనే ఈ ప్రశ్నకు రెండు విధములైన బదుళ్ళు దొరకుచున్నవి. స్లామ్ డంక్ కథలో సకురాగి యను దుడుకు బాలుడు మొదట ఆట ఓనమాలు ఎరుగడు. మూలన నిలువబడి బంతిని నేలకు కొట్టుట మాత్రమే వానికి అప్పగింతురు. వాడు విసుగుకొనును, పారిపోవును, మరల వచ్చును. తుదకు ఒక్క వారములో ఇరువదివేల సారులు బంతిని గురిపెట్టి వేయు సాధనను పూర్తిచేయును. ఇంతవరకు బాలురకు ఇంతకన్న మేలైన పాఠము లేదు. కాని చివరి పెద్దపోటీలో వాని వెన్నునకు దెబ్బ తగులును. బాధను లెక్కచేయక మరల ఆటలోనికి దుముకును. జట్టు గెలుచును. తరువాతి పోటీలో ఓడిపోవును, వాడు మాత్రము చికిత్సాలయములో నడుము నిలుపుకొనుటకు పాటుపడుచుండును. చదువరులు కోట్లమంది ఆ బాలుని సాహసమునకు చప్పట్లు చరచిరి.

హరుయిచి ఫురుదాతె 2012 నుండి 2020 వరకు రచించిన 'హైక్యూ' అను వాలీబాలు కథ మరియొక దారిని పట్టినది. హినాతా యను పొట్టి బాలుడు నాయకుడు. దేశస్థాయి పోటీలలో, జట్టునకు తన అవసరము మిక్కిలిగ నున్న వేళ, వానికి జ్వరము వచ్చును. ఆడుదునని మొండికేయును. ఉపాధ్యాయుడు వానిని ఆటనుండి తప్పించి, దేహమును కాపాడుకొనుటయు ఆటలోని భాగమేయని నచ్చజెప్పును. బాలుడు ఏడ్చుచు బయటికి పోవును. జట్టు ఓడిపోవును. కథకుడు వానికి ఏ అద్భుతమును ప్రసాదింపడు. అటుపిమ్మట ఆ బాలుడు బ్రెజిలు దేశమునకేగి, ఇసుకపై ఆడుచు, ఆహారము, నిద్ర, ధ్యానము అను మూడింటిని నియమముగా పాటింప నేర్చుకొనును. ఈ రెండవ బాలుడే లింగాయత గృహములకు తగిన అతిథి యని నిస్సంశయముగా చెప్పవచ్చును. మొదటివాడు తన దేహమును జూదములో పణముగ నొడ్డెను. రెండవవాడు అది తనది మాత్రమే కాదని తెలిసికొనెను.

ఇక్కడనే ఆయ్దక్కి లక్కమ్మ మాట గుర్తునకు వచ్చును. ఆమె భర్త మారయ్య కల్యాణ పట్టణములో నేల రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చి, దానితో జంగమ దాసోహము నడుపుచుండెను. ఒకనాడు అలవాటు కన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. ఇంత ఆశ మనకేల, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే పోసిరమ్మని వెనుకకు పంపెను. కాయకమునకు ఆమె కొలత గీచెను. తక్కువ పనిచేయుట సోమరితనమైనట్లే, మితిమీరి కూడబెట్టుటయు దోషమే. శరీరశ్రమకు కూడ ఇదే కొలత. బాలబాలికలు దినమునకు సగటున 60 నిమిషములైనను ఒళ్ళు కదలునట్లు ఆడవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించెను. అరువది నిమిషములే, ఆరు గంటలు కావు. జపానులో కూడ, వీరగాథలతో ఉప్పొంగిన ఆ దేశములోనే, ఉన్నత పాఠశాలల బేస్‌బాలు పోటీలలో ఒక బాలుడు ఒక వారములో 500 సారులకు మించి బంతి విసరరాదని 2020 నుండి నిబంధన పెట్టిరి. మోచేతులు చెడిపోయిన పిల్లలను చూచిన పిమ్మటనే ఆ జ్ఞానము కలిగినది. సాధనవేళ నీరు త్రాగరాదను వెర్రి ఆచారము కూడ అచ్చట ఒకప్పుడుండెడిది, ఇప్పుడు విడిచిపెట్టిరి. ఉక్కపోత గల మన సముద్రతీరమున దాని నెవరును అనుకరింపకుందురు గాక!

ఆహార విషయము వీరశైవ మాతలను బాధించుచున్నది. అనిమేలలో ఆటగాండ్రు మాంసము, చేపలు ఆవురావురుమని తిందురు. వానిని చూచి పిల్లలు గ్రుడ్డు కావలెనందురు, బలమునకు వేరు దారి లేదందురు. దీనికి బదులు తెలుగునేలలోనే యున్నది. గత శతాబ్ది ఆరంభమున ఏనుగును ఛాతీపై నిలిపి, ఇనుప గొలుసులు త్రెంచి, దేశదేశముల కీర్తిగొన్న వీరఘట్టము వాడగు కోడి రామమూర్తి నాయుడు శాకాహారి. రాగిసంగటి, వేరుశనగ, ఉలవలు, పెసలు, పాలు, పెరుగు సమృద్ధిగ గల రాయలసీమలో పెరిగిన బాలునికి బలము లేకుండుటకు శాకాహారము కారణము కాదు. హైక్యూ కథలోనే ఒక దృశ్యము కలదు. జట్టు ఓడిపోయిన దినమున శిక్షకుడు పిల్లలనందరిని ఒకచోట కూర్చుండబెట్టి అన్నము తినుమనును. శ్రమచే చిట్లిన కండరములు అన్నముతోనే మరల అల్లుకొనునని చెప్పును. పిల్లలు ఏడ్చుచునే తిందురు. అందలి వంటకములను మరచి ఆ భావమును మాత్రము గ్రహించినచో, లింగార్పితమైన ప్రసాదమును ఒక్క మెతుకైనను పారవేయక భుజించు ఇంటిలో ఆ దృశ్యము పరాయిది కాదు.

ఇంకొక చిక్కు కలదు. దీనిని బహిరంగముగ చర్చించుటకు పలువురు సంకోచింతురు. పిల్లలు ఆటకు పోవునప్పుడు మెడలోని లింగకాయను విప్పి గూటిలో పెట్టి పోవుచున్నారు. పరుగెత్తునపుడు అది ఊగి ఎదకు కొట్టుకొనును. తోటివారు నవ్వుదురు. పోటీలలో గాయము కలిగించు వస్తువులను ధరింపరాదను నియమమును కలదు. దీక్ష పుచ్చుకొనిన అంగము లింగమును వీడుటను ఏ గురువును అంగీకరింపడు. అట్లని ఆటయే మానుమనుట న్యాయమగునా? నులియ చందయ్య పసరిక కోయుచుండగా ఆయన ఇష్టలింగము జారి నీట పడెను. ఆయన కాయకమును ఆపలేదు. లింగమే ఆయన వెంటబడి వచ్చినదని శరణుల చరిత్ర. ఈ కథను లింగమును తీసి పెట్టుటకు అనుమతిగా గ్రహించుట అపార్థము. చందయ్య లింగమును దాచిపెట్టి పనికి పోలేదు. పనిలో లింగమును చూచెను. వెండి కాయకు బదులు మెత్తని వస్త్రములో లింగమును చుట్టి, భుజము మీదుగా ఎదకు బిగించి కట్టి, పై అంగీ తొడిగినచో ఊగదు, ఎవరికిని గాయము కాదు. పొలము దున్నిన తాతలు, మగ్గము నేసిన తాతలు ఇట్టి ఉపాయములతోనే బ్రతికిరి గదా!

ఓటమిని గూర్చి ఒకమాట. ఆటల అనిమేలలో ఉత్తమములైనవి గెలుపుకన్న ఓటమినే ఎక్కువ ఆదరముతో చిత్రించును. శ్రీహరికోట వాసులకు ఇది క్రొత్త పాఠము కాదు. 1979 ఆగస్టు 10న అచ్చటినుండి ఎగసిన ఎస్.ఎల్.వి.-3 వాహనము, రెండవ దశ నియంత్రణలో కలిగిన లోపముచే, కొన్ని నిమిషములకే సముద్రమున పడెను. ఆనాడు పత్రికలవారి ముందునకు వచ్చి ఆ వైఫల్యపు భారమును తన తలపై వేసికొన్నవాడు సంస్థాధ్యక్షుడగు సతీశ్ ధావన్. 1980 జులై 18న అదే తీరమునుండి రోహిణి ఉపగ్రహము కక్ష్యలో చేరెను. ఆనాడు పత్రికలవారితో మాటలాడుమని ధావన్ పంపినది అబ్దుల్ కలామును. కలాము ఈ సంగతిని పెక్కుసారులు చెప్పుకొనెను. జట్టు నాయకుడనగా ఎట్లుండవలెనో చెప్పు అనిమే భాగములు నూరు చూచిన బాలుడైనను, తన జిల్లాలోనే జరిగిన ఈ సంగతిని ఎరుగకుండుట పెద్దల లోపము. కథలోని జపాను బాలుడు పిల్లవానికి దగ్గరివాడయ్యెను, మన ధావన్ దూరస్థుడయ్యెను.

మన క్రీడాకారులును అట్లే. 2017 ఆగస్టులో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ బ్యాడ్మింటను అంత్యపోటీలో తెలుగు ఆడపడుచు పి.వి. సింధు జపాను క్రీడాకారిణి నొజోమి ఒకుహరాతో 110 నిమిషములు పోరాడి ఓడిపోయెను. 2018 అంత్యపోటీలోను ఓటమియే. 2019లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున అదే ఒకుహరాపై 21-7, 21-7 తేడాతో గెలిచి ప్రపంచ విజేత యయ్యెను. ఏ కథకుడైనను ఇట్టి మలుపును వ్రాయుటకు జంకును. 2016 రియో ఒలింపిక్ క్రీడలకు ముందు మూడు మాసములు గురువగు పుల్లెల గోపీచంద్ ఆమె ఫోనును తీసి తన యొద్ద నుంచుకొనెననియు, వెండి పతకము వచ్చిన పిమ్మటనే తిరిగి ఇచ్చెననియు లోకమునకు తెలిసినదే. ఫోనులో ఆటల కథలు చూచు పిల్లలకు ఈ ఫోను కథ చెప్పదగినది. గురువు అడిగినప్పుడు ఆమె ఇచ్చివేసెను. అది ఆటలోని గొప్పతనము కన్న తక్కువది కాదు.

సింధు తండ్రి పి.వి. రమణ వాలీబాలు ఆటగాడు, 1986 సియోల్ ఆసియా క్రీడలలో కంచు పతకము గెలిచిన భారత జట్టు సభ్యుడు. తల్లియు వాలీబాలు ఆడినదియే. శ్రీకాకుళపు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి కంచు పతకము గెలిచి, ఒలింపిక్ పతకము గొన్న తొలి భారత మహిళ యయ్యెను. ఈ పేర్లను పిల్లలకు చెప్పునప్పుడు పెద్దలు తమలో తాము ఒక ప్రశ్న వేసికొనక తప్పదు. అనుభవమంటపమున అక్కమహాదేవికి, లక్కమ్మకు పీటవేసిన సమాజము తన కూతుండ్రను పండ్రెండేండ్లు రాగానే ఆటనుండి ఏల పిలిచివేయుచున్నది? కుమారుడు పరుగెత్తినచో ఆరోగ్యము, కుమార్తె పరుగెత్తినచో ఆక్షేపణ. ఆ బాలికకు మిగిలినది ఫోనులో ఇంకొక దేశపు బాలిక ఎగిరి బంతి కొట్టుటను చూచుట మాత్రమే. ఆమె విషయమున చూచుట కాయకము కాలేదన్న తప్పు ఆమెది కాదు. తలుపు మూసినవారిది.

కావున పిల్లల చేతినుండి ఫోను లాగుకొనుటతో పెద్దల పని తీరదు. ఒక భాగము చూచినచో ఒక గంట ఆడవలెనని ఇంటిలో నియమము పెట్టవచ్చును. రాత్రి శయనపూజ అయిన పిమ్మట చూడరాదని పెట్టవచ్చును. అప్పుడప్పుడు తాతయు, తండ్రియు ప్రక్కన కూర్చుండి చూచి, ఆ స్ప్రింగుల తండ్రి చేసినది తగునా, జ్వరము వచ్చిన బాలుని ఆపుట తగునా యని పిల్లలనే అడుగవచ్చును. వారి బదుళ్ళు పెద్దలకు ఆశ్చర్యము గొలుపును. ఐతే ఆడుట కెక్కడ? పట్టణములలో చోటు లేదు, బడులలో ఆటస్థలములపై గదులు లేచినవి. మఠముల ప్రాంగణములు మాత్రము ఉత్సవ దినములలో తప్ప ఖాళీగనే యుండును. సాయంకాల పూజకు ముందు గంటన్నర కాలము ఆ ఆవరణమును పిల్లలకు విడిచిపెట్టుటకు స్వాములవారు అభ్యంతరము చెప్పుదురని తోచదు. ఆట ముగిసి, కాళ్ళు చేతులు కడిగికొని, విభూతి ధరించి, ఆ పిల్లలే పూజకు కూర్చుందురు. దాసోహమున వడ్డించుటకును, బియ్యపు మూటలు మోయుటకును ఆ చేతులే వచ్చును.

వాలీబాలునకు పెద్ద వ్యయము లేదు. రెండు స్తంభములు, ఒక వల, ఒక బంతి చాలును. పురుషులకు వలను 2.43 మీటర్ల ఎత్తున కట్టుదురు, స్త్రీలకు 2.24 మీటర్ల ఎత్తున. చిన్నపిల్లలకు ఇంకను క్రిందికి దింపుదురు. స్తంభములకు నాలుగైదు చోట్ల కొక్కెములు పెట్టించినచో, వచ్చినవారి ఎత్తును బట్టి వలను మార్చుకొనవచ్చును.